కాలువ గట్టు మీద క్రిస్మస్

పోయిన డిసెంబర్‌లో ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్నాం. క్రిస్మస్‌కు వారం ముందే మా ఇంట్లో పిండివంటలు మొదలవుతాయి కాబట్టి ఆ రోజు గరిజెలు, సకినాలు పట్టుకెళ్లాను. నాతో పదేళ్లుగా పనిచేస్తున్న ఒక సార్ సకినం విరిచి నోట్లో వేసుకుంటూ అన్నారు: "సార్, ఏమనుకోకండి. ఈ దేశం మీకు ఇంత స్వేచ్ఛ ఇచ్చింది. వేరే దేశాలల్ల ఎట్లుందో చూస్తనే ఉన్నం గదా. మీవాళ్లకు ఆ కృతజ్ఞత ఉండాలె."

ఆయన చెడ్డవాడు కాదు. మా అమ్మ ఆపరేషన్‌కు రక్తం కావాలంటే అర్ధరాత్రి బండి వేసుకొని నల్లగొండ దాకా వచ్చి ఇచ్చి, పొద్దున్నే మళ్లీ బడికి పోయిన మనిషి. అందుకే ఆ మాటకు నాకు కోపం రాలేదు. బాధేసింది. 'మీవాళ్లకు' అన్న ఒక్క పదం దగ్గర ముద్ద గొంతులో ఆగిపోయింది. ఆ పూట ఏమీ అనలేకపోయాను. ఏడాదిగా ఆ మాట నాలో తిరుగుతూనే ఉంది. మళ్లీ డిసెంబర్ వచ్చింది. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ముందే ఒకటి ఒప్పుకుంటాను. కృతజ్ఞత ఉండాలి. మాకుంది కూడా. మా మందిరంలో ప్రతి ఆదివారం, క్రిస్మస్ రోజున మరీ ప్రత్యేకంగా, దేశం కోసం ప్రార్థన చేస్తాం. ప్రధానమంత్రి, ముఖ్యమంత్రి, కలెక్టర్, సరిహద్దులో ఉన్న సైనికులు, పంట పండించే రైతులు, అందరి పేరునా మా పాస్టర్ అయ్యగారు వరసగా ప్రార్థిస్తారు. గద్దె మీద ఏ పార్టీ ఉన్నా ఆ ప్రార్థన మారదు. చిన్నప్పటి నుంచి వింటున్నాను. అయితే ఆ సార్ అడిగిన కృతజ్ఞత వేరు, నేను మాట్లాడదలచుకున్నది వేరు. ఆయన మాటలో ఇచ్చేవాళ్లు ఒక దిక్కు ఉన్నారు, పుచ్చుకునేవాళ్లు ఇంకో దిక్కు ఉన్నారు. దేశం ఒకరి ఇల్లు, ఇంకొకరు అందులో అద్దెకు ఉంటున్నవాళ్లు. నేను చూసిన దేశం అట్లా లేదు. అందులో అందరూ అందరికీ బాకీ ఉన్నారు.

మా నాయన సంగతి చెప్తాను.

మాది అసలు పాలమూరు, అచ్చంపేట దిక్కు ఊరు. 1958లో మా నాయనకు పదహారేళ్లు. ఆ ఏడు జొన్నచేను ఎండిపోతే గుంపు మేస్త్రీ వచ్చి మా అవ్వ చేతిలో అడ్వాన్స్ పెట్టి, అవ్వను, నాయనను, ఇద్దరు చిన్నాయనలను నాగార్జునసాగర్‌కు తోలుకపోయాడు. నెహ్రూ అక్కడ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న. సాగర్ ఆనకట్టను చూసినవాళ్లు దాని ఎత్తు చూస్తారు, ఇరవై ఆరు గేట్లు చూస్తారు, ఫొటో దిగుతారు. నేను మాత్రం రాళ్లను చూస్తాను. రాతితో కట్టిన ఆనకట్టల్లో ప్రపంచంలోనే పెద్దవాటిలో అదొకటి. 124 మీటర్ల ఎత్తు. రాతికట్టడం అంటే ప్రతి రాయినీ మనుషులు మోయాలి, మనుషులే కూర్చోబెట్టాలి. మా అవ్వ తట్టలో సున్నం మోసింది. నాయన రాయి మోసే జట్టులో చేరాడు. నలుగురు కావడి వేసి మోసే రాళ్లు. ఒకరోజు రాయి దించుతుంటే కావడి తాడు జారి, ఆయన ఎడమచేతి ఉంగరం వేలు రెండు రాళ్ల మధ్య పడింది. పసుపు పెట్టి గుడ్డ కట్టుకొని మూడో రోజుకు మళ్లీ పనిలోకి పోయాడట. ఆ వేలికి ఇప్పటికీ గోరు లేదు. పై కణుపు బల్లపరుపుగా, చింతగింజ అంత వెడల్పుగా ఉంటుంది. చిన్నప్పుడు నిద్రపోయే ముందు నేను ఆ వేలు పట్టుకునేవాణ్ణి. అందరు నాయనల చేతులకూ అట్లాంటి వేలు ఒకటి ఉంటుందనుకునేవాణ్ణి.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ వచ్చి కాలువలకు నీళ్లు వదిలారు. ఆ రోజు మా నాయన జనంలో ఎక్కడో వెనక నిలబడ్డాడు. కుడి కాలువ నీళ్లు గుంటూరు వైపు పోయాయి, ఎడమ కాలువ నీళ్లు నల్లగొండ, ఖమ్మం మీదుగా కృష్ణా జిల్లా వైపు పోయాయి. పాలమూరుకు రాలేదు. కృష్ణ తెలంగాణలో మొదట అడుగు పెట్టేది మా పాలమూరు గడ్డ మీదే, తంగిడి దగ్గర. అయినా రాళ్లు మోసిన మా ఊళ్లకు సాగర్ నీళ్లు పారలేదు. పని అయిపోయాక మేస్త్రీ జట్టును ఇంకో ప్రాజెక్టుకు తీసుకుపోతానన్నాడు. మా అవ్వ మాత్రం ఒప్పుకోలేదట. "మనం కట్టినం, మన చేతులతోని కట్టిన నీళ్లను ఒక్క పంటన్న చూసి పోదాం" అని మిర్యాలగూడ దగ్గర ఒక ఊళ్లో నాట్లకు కూలికి కుదిరింది. ఆ ఒక్క పంట ఇన్నేళ్లయింది. మాకు ఇప్పుడు అక్కడే రెండెకరాలు ఉన్నాయి. నేను బడిపంతులునయ్యాను.

పాలమూరు లేబర్ అంటే తెలియని రాష్ట్రం ఈ దేశంలో లేదు. ప్రాజెక్టులు, కాలువలు, రోడ్లు, బొంబాయి మేడలు, ఎక్కడ మట్టి తవ్వాలన్నా మా వాళ్లు పోయారు. ముసలివాళ్లను, పసిపిల్లలను ఇంటి దగ్గర వదిలి పోయారు. తిరిగొచ్చేసరికి పిల్లలు తల్లిని గుర్తుపట్టని ఇళ్లున్నాయి. దేశం మాకు ఏమిచ్చింది అని లెక్క వేసేటప్పుడు ఆ లెక్క కూడా పక్కన పెట్టుకోవాలి. ఎవరినో దెప్పిపొడవడానికి కాదు ఈ మాట. తీసుకున్నది ఒక్కటే రాసి ఇచ్చింది రాయకపోతే లెక్క తప్పుతుంది.

ఇక పోయిన క్రిస్మస్ ముచ్చట.

ఇప్పుడు మా ఆయకట్టులో నాట్లు వేయడానికి మనుషులు దొరకడం లేదు. మా ఊరి పిల్లలు చదువుకొని హైదరాబాద్ పోయారు, ఆడవాళ్లు పత్తి ఏరడానికి పోతున్నారు. నాలుగైదేళ్లుగా బీహార్ నుంచి కూలీలు జట్లు జట్లుగా వస్తున్నారు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసేవాళ్లలో కూడా చాలామంది వాళ్లే. యాసంగి నాట్లు సరిగ్గా క్రిస్మస్ ముందూ వెనకా మొదలవుతాయి. మొగవాళ్లే వస్తారు, ఎకరానికింత అని గుత్తకు పట్టి వేస్తారు. తెల్లారేసరికే మడిలో ఉంటారు. డిసెంబర్ చలిలో, మోకాలి లోతు బురదలో, వంగిన నడుము వంగినట్టే.

ఆ డిసెంబర్ ఇరవై రెండో తారీఖు రాత్రి క్యారల్స్‌కు బయలుదేరాం. మా దగ్గర క్యారల్స్ అంటే డప్పు, తబలా, ఒక గిటారు, వెదురు బద్దలకు రంగు కాగితం అంటించి లోపల బల్బు పెట్టిన నక్షత్రం. దాన్ని ఒక పిల్లవాడు పొడుగు కట్టెకు కట్టి పట్టుకుంటాడు. వెనక ముప్పై మంది. ఇంటింటికీ పోయి పాట పాడి, ప్రార్థన చేసి, వాళ్లిచ్చిన చాయ్ తాగి ముందుకు పోతాం. మా ఇంటికి వచ్చేసరికి పదిన్నర అయింది. పాట అయిపోయాక మా నాయన చేతికర్ర పట్టుకొని లేచి, "కాలువ గట్టు మీది షెడ్డుకాడికి పోయిండ్రా?" అని అడిగాడు. ఎవరూ పోలేదు. అక్కడ మనవాళ్లు లేరు కదా తాతా, బీహారోళ్లే ఉన్నారు అన్నారు పిల్లలు. "మరి గొర్లు కాసెటోళ్లకాడికి దేవదూతలు పోలేదా?" అన్నాడు నాయన.

ఆ ప్రశ్న తర్వాత ఎవరం మాట్లాడలేదు. నక్షత్రం కాలువ గట్టు దారి పట్టింది.

రేకుల షెడ్డులో పదకొండు మంది ఉన్నారు. మూడు రాళ్ల పొయ్యి మీద రొట్టెలు కాలుతున్నాయి, నిప్పుల్లో ఆలుగడ్డలు పెట్టి ఉన్నాయి. డప్పు చప్పుడుకు మొదట బెదిరారు. ఆ రాత్రివేళ ముప్పై మంది ఒక్కసారిగా వచ్చి మీద పడితే పరాయి ఊళ్లో ఎవరైనా బెదురుతారు. ఇద్దరు లేచి నిలబడ్డారు. అప్పుడు ఒక నడివయసు మనిషి నక్షత్రాన్ని చూసి, "బడా దిన్?" అన్నాడు, క్రిస్మసా అని. "హా, బడా దిన్" అన్నాడు మా నాయన. నిజాం కాలంలో పుట్టిన మనిషి కాబట్టి ఆయనకు ఉర్దూ వచ్చు. వంకరటింకర ఉర్దూనే కానీ పని నడుస్తుంది. వాళ్ల ముఖాలు తేటబడ్డాయి. బియ్యం సంచి దులిపి ఆయనకు కింద పరిచారు.

పొయ్యి పక్కన ఒక పిల్లవాడు కూర్చుని ఉన్నాడు. పందొమ్మిదేళ్లుంటాయేమో. మూతలో ఆవనూనె పోసుకొని వేళ్ల సందుల్లో రాసుకుంటున్నాడు. బురదలో నాని నాని వేళ్ల చివర్లు తెల్లగా ఉబ్బి, గోళ్ల పక్కన చీలికలు వచ్చాయి, అక్కడక్కడా ఎర్రగా కనబడుతోంది. నాయన "కిదర్ కే రే బేటా?" అని అడిగాడు. "దర్భంగా జిల్లా, బాబా." నాయన చెయ్యి చాపమన్నాడు. ఆ పిల్లవాడి చేతిని తిప్పి తిప్పి బల్బు వెలుగులో చూశాడు. తర్వాత తన ఎడమచెయ్యి ముందుకు పెట్టి ఆ గోరు లేని వేలు చూపించాడు. "సాగర్ కే కట్టే మే గయీ. తుమారే ఇత్నా థా మై." సాగర్ కట్టలో పోయింది, అప్పుడు నేను నీ అంతవాణ్ణి అని. కాలువ వైపు చూపించి, ఈ నీళ్లు వచ్చే కట్ట అని చెప్పాడు. ఆ పిల్లవాడు కాసేపు కాలువను చూశాడు, వేలును చూశాడు. ఏమీ అనలేదు. మూతలో మిగిలిన నూనె తీసి మా నాయన వేలి కణుపుకు రాశాడు.

నేను యాభై దాటిన మనిషిని. ఎన్నో క్రిస్మస్ ప్రసంగాలు విన్నాను, కొన్ని చెప్పాను కూడా. ఆ రాత్రి ఆ షెడ్డులో అర్థమైనంతగా ఆ కథ నాకు ఎన్నడూ అర్థం కాలేదు. లూకా సువార్తలో కథ మొదలయ్యేదే జనాభా లెక్కలతో. రోమా చక్రవర్తి ఆజ్ఞ ఇచ్చాడు, ఎవరి ఊరికి వాళ్లు పోయి పేరు రాయించుకోవాలి. నిండు గర్భిణిని తీసుకొని ఒక వడ్రంగి నజరేతు నుంచి బేత్లెహేముకు బయలుదేరాడు. సత్రంలో జాగా దొరకలేదు. పశువుల తొట్టిలో బిడ్డను పడుకోబెట్టారు. ఆ కబురు మొదట అందింది రాత్రి పొలంలో మంద కాస్తున్న గొర్రెల కాపరులకు. ఇందులో పరాయి దేశపుది ఏముంది? ఎండాకాలం వస్తే పాలమూరు గొల్ల కురుమలు మందలు తోలుకొని కృష్ణ ఆయకట్టు దిక్కు వస్తారు. కోసిన మళ్లలో రాత్రుళ్లు మంద పెట్టి, గొంగడి కప్పుకొని పడుకుంటారు. పొట్ట చేతబట్టుకొని పోయే మొగుడూ పెళ్లాలు, జాగా లేదనే ఊళ్లు, గొడ్లపాకలో కాన్పులు, ఇవన్నీ పాలమూరులో ఏ ముసలమ్మను అడిగినా చెప్తుంది.

జాగా లేదనడం నాకూ తెలుసు. ఉద్యోగం వచ్చిన కొత్తలో నల్లగొండలో అద్దెకు గది వెతుక్కున్నాను. ఒక ఇంట్లో అంతా మాట్లాడుకున్నాం, అడ్వాన్స్ కూడా చేతికిచ్చాను. చివర్లో "మీరేంటోళ్లు?" అని అడిగారు. చెప్పాను. ఆ నోట్లు లెక్కపెట్టి నా చేతిలోనే పెట్టి, మా చుట్టాలబ్బాయి వస్తున్నాడు అన్నారు. ఆ సాయంత్రం లతీఫ్ సాహెబ్ గుట్ట కింద ఒక సాయబుల ఇంట్లో గది దొరికింది. ఆ ఇంటి ఖాలా నన్ను ఒక్కటే అడిగింది, "ఖానా ఖాయే బేటా?" అని. మూడేళ్లు ఉన్నాను. గుట్ట మీద ఉర్సు జరిగినప్పుడు ఆమె వండిన మలీదా తిన్నాను, క్రిస్మస్‌కు మా అమ్మ పంపిన గరిజెలు ఆమెకు ఇచ్చాను. నేను ఆమెకు బాకీ. తీరేది కాదు.

ఇప్పుడు ఇంకో ఊరి సంగతి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, జడ్చర్ల దగ్గర, మా మేనమామ ఊరి పక్కనుంచి మనుషులు నడిచిపోయారు. నెత్తిన మూటలు, చంకలో పిల్లలు. ఉత్తరాదికి పోయేవాళ్లు అటు, మా పాలమూరుకు వచ్చేవాళ్లు ఇటు. మా మామ ఇంటి ముందు ఊళ్లో అన్ని కులాలవాళ్లూ కలిసి బగారా అన్నం వండి పొట్లాలు కట్టారు. తీసుకునేవాణ్ణి నీదే మతం అని ఆ రోడ్డు మీద ఎవరూ అడగలేదు. మూడు నెలలు తిరక్కుండానే, జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ఇరవై మంది సైనికులు ప్రాణాలిచ్చారు. వాళ్లలో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు ఉన్నాడు. ఆయన కమాండింగ్ ఆఫీసర్‌గా ఉన్న పటాలం పేరు 16 బీహార్.

ఈ సంగతి మా పిల్లలకు క్లాసులో చెప్తే ఒకరిద్దరు నమ్మలేదు. సూర్యాపేట సార్ బీహార్ రెజిమెంట్‌లో ఎట్లుంటడు సార్ అన్నారు. ఉంటాడు. సైన్యం అట్లానే ఉంటుంది. ఒక తెలుగు తల్లి కొడుకు ముందు నడిస్తే బీహార్, ఒడిశా, ఇంకా ఎక్కడెక్కడి తల్లుల కొడుకులో వెనక నడిచారు, కలిసి పోయారు. సూర్యాపేటలో ఆయన విగ్రహం దగ్గర ఆగి దండం పెట్టే మనం, అదే ఊరి బస్టాండులో మూట పట్టుకొని దారి అడిగే బీహార్ కూలీని "ఏయ్" అని ఎందుకు పిలుస్తున్నాం? జాతీయ సమైక్యత మీద వ్యాసరచన పోటీలు పెట్టి, ప్రైజులు ఇచ్చి ఇంటికి పోతున్నాం. సమైక్యత మన మళ్లో నడుము వంచి నాటు వేస్తోంది. చలికి కప్పుకోవడానికి దుప్పటి ఉందా అని దాన్ని అడిగినవాళ్లు ఎంతమంది?

క్రిస్మస్ విదేశీ పండుగ కదా అనేవాళ్లకు నేను ఎక్కువ చెప్పను. దేవుడి పేరు ఎక్కడి నుంచి వచ్చినా పాడే గొంతు ఇక్కడిది. మా పాటల బాణీలు కోలాటం బాణీలు, మా డప్పు మా తాతలది. మా నల్లగొండకు 1890 ప్రాంతంలో ఈ కబురు తెచ్చినవాళ్లలో అబ్రహాం ఫ్రీసెన్ అనే ఆయన ఉన్నాడు. అప్పటి రష్యా నుంచి, ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న పల్లెల నుంచి, భార్యతో కలిసి వచ్చాడు. మెన్నొనైట్లు. ఆయుధం పట్టకూడదని నమ్మే జనం. వాళ్ల తర్వాత వచ్చినవాళ్లు పాలమూరులో బడులు పెట్టారు, దవాఖానలు పెట్టారు. నేను పుట్టింది జడ్చర్ల మిషన్ దవాఖానలోనే. ఉక్రెయిన్ మీద బాంబులు పడుతున్నాయని వార్త వచ్చిన ఆదివారం మా ముసలివాళ్లు మోకాళ్ల మీద ఉండి ఆ ఊళ్ల కోసం ఏడ్చారు. దేశభక్తికి అది అడ్డం రాలేదు. మంచి చేసినవాళ్లను, వాళ్లు ఎంత దూరపువాళ్లయినా, మరిచిపోకూడదన్నది మా అవ్వ నేర్పిన మాట.

దేశం మీకు స్వేచ్ఛ ఇచ్చింది అన్న దగ్గరికి మళ్లీ వస్తాను. స్వేచ్ఛను ఒకరు ఇంకొకరికి ఇవ్వలేదు. అందరం కూర్చుని అందరి కోసం రాసుకున్నాం. రాజ్యాంగ సభకు ఉపాధ్యక్షుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ. బెంగాలీ క్రైస్తవుడు. అల్పసంఖ్యాకుల ఉపసంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. చట్టసభల్లో మతం పేరుతో ప్రత్యేక సీట్లు ఉండాలా అన్న చర్చ 1949 మేలో తేలినప్పుడు, అక్కర్లేదు, అందరితో కలిసే ఉంటాం అన్న దిక్కున ఆయన నిలబడ్డాడు. దేశం అప్పటికే ఒకసారి చీలి, రక్తం పారి ఉంది. అట్లాంటి రోజుల్లో ఒక చిన్న సమూహం తరఫున, మాకు వేరే గోడ వద్దు, మీ మీద మాకు నమ్మకం ఉంది అని చెప్పడం ఎంత పెద్ద సంగతి! నా చిన్నప్పుడు ఏ బడిలోనూ ఆయన పేరు వినలేదు. ఇప్పుడు నవంబర్ 26న పిల్లలకు నేనే చెప్తున్నాను. అంబేడ్కర్ పేరుతో పాటు ఆ పేరు కూడా బోర్డు మీద రాస్తున్నాను.

మా పాఠ్యపుస్తకాల మొదటి పేజీల్లో రాజ్యాంగ పీఠిక ఉంటుంది. ప్రార్థన తర్వాత పిల్లలు గట్టిగా చదువుతారు. సౌభ్రాతృత్వం దగ్గరికి వచ్చేసరికి నోరు తిరగక నవ్వుతారు. ఆ వాక్యంలో ఒక వరస ఉంది. ముందు వ్యక్తి గౌరవం, ఆ తర్వాత జాతి ఐక్యత. మనిషికి మర్యాద ఇచ్చాకే దేశం ఒక్కటి అవుతుందని నేను ఆ వరసను చదువుకుంటాను. ఇల్లు కూడా అంతే. తమ్ముణ్ణి వాకిట్లో కూర్చోబెట్టి, మనదంతా ఒకటే కుటుంబం అంటే ఆ మాట అతికేది కాదు.

ఆ గౌరవం దగ్గర మాకు ఒక నొప్పి ఉంది, దాన్ని దాచను. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో క్రైస్తవులు అంటే ఎక్కువమంది మాదిగలు, మాలలు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ గుర్తింపు మొదట హిందువులకే. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడయితే ఎస్సీ కాడు, మన దగ్గర బీసీ-సీ అవుతాడు. కానీ ఊళ్లో చాయ్ హోటల్‌కు ఆ తేడా తెలియదు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన మాదిగవాడ ఊరి మధ్యకు జరగదు. మా చిన్నాయన కొడుకు ఇంట్లో, బిడ్డ ఎస్సీ సర్టిఫికెట్ విచారణకు వస్తారన్న రోజు, గోడ మీది యేసు పటాన్ని దించి చీరలో చుట్టి బియ్యం డ్రమ్ములో పెట్టారు. ఆ రాత్రి వాళ్లమ్మ అన్నం తినలేదు. ఈ బాధ చెప్పినంత మాత్రాన దేశానికి కృతజ్ఞత లేనట్టా? నాకు అట్లా అనిపించదు. నా ఇల్లు కాబట్టే కురుస్తున్న చోటు చూపిస్తున్నాను. అద్దెకున్నవాడయితే ఇంకో ఇల్లు చూసుకుంటాడు.

మావాళ్లతోనూ నాకొక తగాదా ఉంది. క్రిస్మస్ ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయం వస్తుంది. కొడుక్కు అమెరికా వీసా వచ్చినందుకు, ప్లాటు రిజిస్ట్రేషన్ అయినందుకు, కొత్త కారు కొన్నందుకు దేవునికి స్తోత్రం అంటారు. అనాల్సిందే, తప్పు లేదు. కానీ ఆ తర్వాత తినే క్రిస్మస్ బిర్యానీలోని బియ్యం నాటినవాడి పేరు ఒక్క సాక్ష్యంలో కూడా రాదు. పోయినేడు నేను లేచి, షెడ్డులో ఉన్న పదకొండు మందినీ క్రిస్మస్ భోజనానికి పిలుద్దాం అంటే, వాళ్లు విశ్వాసులు కాదు కదా, ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అని ఒక పెద్దమనిషి అడిగారు. ఆయన ముఖం మీదే చెప్పాను, రాసి కూడా పెడుతున్నాను: కృతజ్ఞతకు బాప్తిస్మం రిజిస్టర్ చూడనక్కర్లేదు. కావలసిన బియ్యం మా రెండెకరాల నుంచే ఇచ్చాను.

వాళ్లు వచ్చారు. ఉతికిన చొక్కాలు వేసుకొని, తలకు నూనె రాసుకొని వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచే చోట వరసగా కూర్చున్నారు. మా సంఘంలో ఒక ముసలి పెద్దమ్మ ఉంది, వాళ్లలో ఒకడి రెక్క పట్టుకొని లేపింది. "గక్కడేంది బిడ్డా, చెప్పులల్ల కూసుంటరా? లోపలికి రాండ్రి" అంది. భాష అర్థం కాకపోయినా లేచారు. అయ్యగారు దేశం కోసం ప్రార్థన చేసేటప్పుడు ఆ ఏడు ఒక మాట కొత్తగా చేరింది, "మా మళ్లలో నాట్లు వేస్తున్న దూరపు రాష్ట్రపు బిడ్డల కోసం, వాళ్లను కన్న తల్లుల కోసం". వెనక నుంచి ఎవరో గట్టిగా ఆమెన్ అన్నారు. తిరిగి చూస్తే మా నాయన.

నాకు రక్తం ఇచ్చిన సార్‌కు, అంటే మా అమ్మకు ఇచ్చిన సార్‌కు, ఇంత చెప్పాక కూడా నేను బాకీనే. అది క్రైస్తవుడు హిందువుకు పడిన బాకీ కాదు. మా అమ్మ ఒంట్లో ఆయన రక్తం ఉంది, ఆయన తినే సన్నబియ్యంలో మా నాయన వేలు ఉంది, ఇప్పుడు ఆ దర్భంగా పిల్లవాడి వేళ్లు కూడా ఉన్నాయి. ఈ లెక్కలో ఎవరు ఎవరికి స్వేచ్ఛ ఇచ్చారో విడదీసి చూపించమంటే నాకు చేతకాదు. ఈ వ్యాసం ఆయనకు పంపుతాను. చదివాక స్టాఫ్‌రూమ్‌లో నా ఎదురుగానే కూర్చుంటారని నాకు గట్టి నమ్మకం.

ఈసారి నారు పోసి ఇరవై రోజులైంది. చలికి ఇంకా కుదురుకోలేదు, జానెడు కూడా లేవలేదు. మొన్న రాత్రి దర్భంగా నుంచి ఫోన్ వచ్చింది. సికింద్రాబాద్ రైలుకు టికెట్లు దొరికాయట, పదమూడు మంది వస్తున్నారట. ఆ పిల్లవాడు ఫోన్ తీసుకొని ముందు "బాబా కైసే హై?" అని అడిగాడు. స్పీకర్ పెట్టాను. మా నాయనకు ఈ మధ్య చెవులు సరిగ్గా వినబడవు. ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకొని, ఎన్ని తారీఖుకు వస్తున్నారు అని రెండుసార్లు అడిగాడు. ఇరవై మూడు అని చెప్పారు. "బడా దిన్‌కు ముందే వస్తుండ్రు" అని మా అమ్మకు చెప్పి, అటక మీద ఉన్న పాత దుప్పట్లు దించమన్నాడు.